సమభావ ఫలకం

మా సిరిలంక కబడ్డీ మైదానానికి ఎలక్ట్రానిక్ స్కోరు బోర్డు తయారు చేసింది నేనే. దాని గురించి ఊళ్ళో ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పవలసిన బాధ్యత కూడా నాదే అనుకుంటున్నాను. నా పేరు సదాశివం. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను.

అంతకు ముందు మైదానంలో ఓ నల్ల చెక్క ఉండేది. దానికి మేకులు, మేకులకు రేకు అంకెలు. కాలవ మీంచి గాలి గట్టిగా వీచిన సాయంత్రం ఆరు తలకిందులై తొమ్మిదయ్యేది. వెనకబడిన జట్టు వాళ్ళు ఆట మధ్యలో బూటు లేసులు విప్పి కట్టుకుంటూ ఆ గాలి కోసమే కాచుకునేవారని అంటారు. ఈ అవకతవకలు పోవాలని పట్టణ క్రీడా వికాస మండలి తీర్మానించి నన్ను పిలిపించింది.

మండలి అంటే ముఖ్యంగా ఇద్దరు. అధ్యక్షులు పుండరీకాక్షం గారు రెవెన్యూ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఊళ్ళో పెద్దమనుషులు నడిపే టౌన్ క్లబ్బుకీ ఆయనే అధ్యక్షులు. కార్యదర్శి భీమశంకరం గారు మునిసిపల్ ఆఫీసులో జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన మనిషి. ఆయన బజారుకెళ్ళి కూరగాయలు బేరమాడేటప్పుడు కూడా "సదరు వంకాయలు" అంటారు.

"సదాశివం గారూ, సదరు బోర్డు ఎంత దూరం నుంచైనా స్పష్టముగా కనబడవలెను" అన్నారు కార్యదర్శి.

"బస్టాండు దాకా కనబడాలయ్యా. ఇది పట్టణ ప్రతిష్ఠకు సంబంధించిన విషయం" అన్నారు అధ్యక్షులు.

నేను బస్టాండు దాకా కనబడేట్టే చేశాను. వేసవి సెలవులన్నీ దాని మీదే ఖర్చయ్యాయి. మనిషంత ఎత్తు అంకెలు, ఎర్ర దీపాలు. కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. రిఫరీ ఈల వేసి చెయ్యెత్తగానే వేదిక మీద కూర్చున్న నేను రిమోట్ నొక్కుతాను, అంకె మారుతుంది. అంతే. అంతకు మించి దానికి ఏ తెలివీ పెట్టలేదు. ఆ తెలివితక్కువతనమే దాని గొప్పదనమని నాకు అప్పట్లో తెలియదు.

ప్రారంభోత్సవం నాడు టౌన్ క్లబ్బు మగవాళ్ళ జట్టు పక్క మండలం కుర్రాళ్ళతో ఆడింది. మనవాళ్ళకి తొమ్మిది పాయింట్లు, వాళ్ళకి నలభై ఒకటి. బోర్డు ఒక్క తప్పు చేయకుండా రెండు అంకెలనూ నిప్పుకణికల్లా వెలిగించింది. బస్టాండులో ఆగిన బస్సుల వాళ్ళంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చదివారు. ఒక కండక్టరైతే, "సిరిలంక టౌన్ క్లబ్బు తొమ్మిది! దిగేవాళ్ళు దిగండి!" అని కేక వేశాడట. ఆ బస్సులో పుండరీకాక్షం గారి వియ్యంకుడు ఉన్నారు.

మర్నాడే మండలి అత్యవసరంగా సమావేశమైంది. పుండరీకాక్షం గారు ఆ మధ్యనే ఏదో కొండ మీద రిసార్టులో జరిగిన సానుకూల దృక్పథ శిబిరానికి వెళ్ళి వచ్చారు. అక్కడ ఇచ్చిన పసుపు పచ్చ బిళ్ళ ఇంకా చొక్కాకి ఉంది. దాని మీద ఒక నవ్వు ముఖం ఉంది. దాని పైన ఉన్న ముఖంలో మాత్రం నవ్వు లేదు.

"పూర్వం మనం ఓడిపోతే మైదానంలో ఉన్నవాళ్ళకే తెలిసేది. ఇప్పుడు రాజమండ్రి బస్సుకీ తెలుస్తోంది, కాకినాడ బస్సుకీ తెలుస్తోంది. ఇదా అభివృద్ధి? ఓటమి అనేది ఒక భావన. భావనకి ఎవరైనా కరెంటు కనెక్షన్ ఇస్తారా?" అన్నారాయన.

"స్కోరు బోర్డు కదండీ... స్కోరు చూపిస్తుంది" అన్నాను.

"తమ సాంకేతిక అభిప్రాయాన్ని మండలి గౌరవపూర్వకముగా ఆలకించినది. సదరు అభిప్రాయము పరిశీలనలో ఉండును" అని కార్యదర్శి నా వైపు కాకుండా తలుపు వైపు చూశారు.

అధ్యక్షులు గొంతు తగ్గించి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. "ఓడిపోవడం తప్పు కాదు సదాశివం గారూ. చూపించడం తప్పు."

రెండు జట్ల మధ్య తేడా రెండు పాయింట్లు మించి కనబడకూడదని తీర్మానం అయింది. మిగతా పాయింట్లు ఏం చేయమంటారని అడిగాను. "నిలుపుదలలో ఉంచండి" అన్నారు కార్యదర్శి. ఎక్కడుంచాలని అడిగాను. "లోపల" అన్నారు. సరే, లోపల ఉంచాను. వారం తిరక్కుండా, రెండు పాయింట్లు వెనకబడినట్టు కనబడిన ఒక జట్టు, తమ మనోభావాలు దెబ్బతిన్నాయని మైదానంలోనే బైఠాయించింది. మండలి మళ్ళీ కూర్చుంది. రెండు పాయింట్లయినా తేడా తేడాయే అన్న సూక్ష్మాన్ని అధ్యక్షులు అప్పుడే గ్రహించారు. వెనకబడిన వారిని ముందున్న వారితో సమానంగా పైకి తీసుకురావడమే క్రీడల పరమార్థమని ఆయన చెబుతుంటే కార్యదర్శికి కళ్ళు చెమర్చాయి. ఆ రోజు నుంచీ ముందున్న జట్టు పాయింట్లు ఎన్నో, వెనకున్న జట్టుకీ అన్నే కనబడాలి. దానికి సమభావ ఫలకం అని పేరు పెట్టారు.

ఇంజనీరుగా ఒక మాట చెప్పాలి. స్కోరు చూపించే యంత్రం ఎవరైనా చేస్తారు. స్కోరంతా తెలిసి, ఒక్క అంకె కూడా తొణక్కుండా కడుపులో పెట్టుకునే యంత్రం చేయడం కష్టం. అది చేసినందుకు నాకు శాలువా కప్పారు. పేపర్లో "ఓటమి లేని పట్టణం" అని ఫొటోతో పడింది. చుట్టుపక్కల క్లబ్బుల వాళ్ళు వచ్చి చూసి, మాకూ ఒకటి చేసిపెట్టమన్నారు. ఒక హెడ్మాస్టరు గారైతే నన్ను పక్కకు తీసుకెళ్ళి, ప్రోగ్రెస్ కార్డులకి ఇలాంటి ఏర్పాటు ఏమైనా వీలవుతుందా అని అడిగారు.

ఇంత సంతోషంగా ఉన్న ఊళ్ళో సంతోషం లేని మనిషి ఒకతే కనిపించింది. ఆమె పేరు గంగాభవాని. కాలవ అవతల పడవలపేట అమ్మాయి, అక్కడి ఆడపిల్లల కబడ్డీ జట్టుకి కెప్టెన్. పొద్దున్న తల్లితో కలిసి చేపల మార్కెట్లో బుట్టలు దించి, సాయంత్రం మైదానానికి వచ్చేది. ఆమె కూతకి వెళితే ఎదుటి జట్టు వాళ్ళు గోడకి జారబడినట్టు వెనక్కి జారేవారు. ఒకరోజు మా కాలేజీ వరండాలో నిలబడి నా కోసం కాచుకుని ఉంది.

"మాస్టారండీ, నిన్న ఒక్క కూతలో నలుగుర్ని ముట్టుకుని వచ్చానండి. మీరు సూసేరు గదా?"

"చూశానమ్మా. చాలా బాగా ఆడావు."

"మరి ఆ నాలుగూ వాళ్ళక్కూడా పడ్డాయేటండీ?"

"కనబడటం వరకే వాళ్ళకి పడ్డాయి. నీ పాయింట్లు ఎక్కడికీ పోలేదమ్మా, లోపల భద్రంగా ఉన్నాయి."

"లోపలుంటే నాకేటండీ ఉపయోగం?" అంది. కోపంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగింది. 

అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఈసారి టోర్నమెంటు ఫైనల్ చూడటానికి పైనుంచి సెలెక్టరు వస్తున్నారు. ఆడవాళ్ళలో గెలిచిన జట్టు కెప్టెన్‌ని స్పోర్ట్స్ హాస్టల్‌కి తీసుకుంటారు. తిండి, చదువు, కోచింగు అన్నీ వాళ్ళవే. "ఈ ఏడు దాటితే నాకు వయసు దాటిపోద్దండి. మళ్ళీ బుట్టలే. మీ బోర్డు మీద ఎవరూ గెలవరు గదండీ. మరి ఎవర్ని తీసుకెళ్తారు?"

ఆ ప్రశ్న నేను మండలికి నివేదించాను. మండలి దగ్గర జవాబు ముందే ఉంది. ఉభయ జట్లూ సమానంగా నిలిచిన పక్షంలో సర్వతోముఖ వ్యక్తిత్వాన్ని బట్టి మండలి నిర్ణయిస్తుంది. సర్వతోముఖ వ్యక్తిత్వం అంటే ఏమిటని అడిగాను. "నమస్కారం చేసే పద్ధతి, ఒకే రంగు ట్రాక్ సూట్లు, పెద్దల యెడల వినయం" అన్నారు కార్యదర్శి. ఒకే రంగు ట్రాక్ సూట్లు ఊళ్ళో టౌన్ క్లబ్బు ఆడపిల్లలకే ఉన్నాయి. పుండరీకాక్షం గారు కొనిచ్చారు.

ఈ సంగతి ఊళ్ళో ఎలా పాకిందో తెలియదు గానీ, సెమీఫైనల్ నాటికి జనం బోర్డు చూడటం మానేశారు. పడవలపేట వాళ్ళు ఒక్కో పాయింటుకీ గొంతెత్తి "పదహారూ! పదిహేడూ!" అని అరవసాగారు. అటు ఆరూ, ఇటు పదిహేడూ అని మైదానమంతా మోగిపోతుంటే, వేదిక మీద బోర్డు పదిహేడు, పదిహేడు అని ప్రశాంతంగా వెలుగుతోంది.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. గేటు దగ్గర అంటించారు. మైదానం ఆవరణలో అనధికార లెక్కింపు నిషేధం. లెక్కించు అధికారం మండలికి మాత్రమే కలదు. నోటితో గానీ, వేళ్ళతో గానీ, సుద్దముక్కతో గానీ, గింజలు, గులకరాళ్ళు వగైరాలతో గానీ లెక్కపెట్టినవారు బయటకు పంపబడుదురు.

దాన్ని అమలు చేయడానికి ఒక కానిస్టేబుల్ని వేశారు. ఆయన మొదటి రోజే వేరుశనక్కాయలమ్మే వెంకాయమ్మని పట్టుకున్నాడు. ఎవరో పొట్లం ఎంతని అడిగితే ఆవిడ "పది" అంది.

"అంకె చెప్పావా లేదా?" అన్నాడు కానిస్టేబులు.

"రేటు చెప్పేనయ్యా!"

"ఏ అంకయినా అంకే. పదో పాయింటు పడ్డప్పుడే ఎందుకు చెప్పావు?"

"ఎప్పుడు పడిందో నాకేం తెల్సు? లెక్కెట్టకూడదని మీరే అంటిరి గదా!"

కానిస్టేబులు ఉత్తర్వు మరోసారి చదువుకుని ఆవిణ్ణి వదిలేశాడు. ఆ తర్వాత వెంకాయమ్మ రేటు చెప్పకుండా కొనేవాళ్ళ ముఖం చూసి ఇచ్చినంత తీసుకునేది. ఆటగాళ్ళ చొక్కాల వెనక నంబర్ల మీద గుడ్డ ముక్కలు కుట్టించారు. ఒక సాయంత్రం టౌన్ క్లబ్బు తరఫున ఎనిమిది మంది దిగి ఆడారు. కబడ్డీకి ఏడుగురే కదా అని పడవలపేట పిల్లలు రిఫరీని అడిగారు. ఆయన పాపం ఎనిమిది మంది వైపూ చూసి, గేటు దగ్గరి ఉత్తర్వు వైపు చూసి, "ఎంతమంది ఉన్నారో చెప్పాలంటే నేను లెక్కపెట్టాలమ్మా" అన్నాడు. విషయం అధ్యక్షుల దగ్గరికి వెళ్ళింది. "ఏడుగురే అనుకోండి. సానుకూలంగా ఆలోచిస్తే ఏడుగురే" అని తేల్చేశారు.

ఫైనల్‌కి నాలుగు రోజుల ముందు గంగాభవాని మళ్ళీ వరండాలోకి వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. గేటు దగ్గర ఉత్తర్వు చదివి వినిపించమంది.

"నువ్వు చదువుకున్నదానివే కదమ్మా?"

"నాకు వచ్చండి. మీరు చదివితే ఒత్తులు సరిగ్గా ఇనపడతాయని."

జేబులో ఉన్న నకలు తీసి చదివాను. నోరు, వేళ్ళు, సుద్దముక్క, గింజలు, గులకరాళ్ళు. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"ఇంతేనాండీ? ఇంకేం రాయలేదు గదా?"

"ఇంతేనమ్మా."

"ఆయ్" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

పడవలపేటకీ టౌన్ క్లబ్బు ఆడపిల్లలకీ మధ్య జరిగే ఫైనల్‌కి మండలి పకడ్బందీగా ఏర్పాట్లు చేసింది. అరుపులు ఉండకూడదని పాసులుంటేనే లోపలికి రానిచ్చారు. కోర్టుకి తూర్పున ఉన్న సిమెంటు మెట్లు పడవలపేటకి, పడమటి మెట్లు టౌనుకి. టౌనుకి మెట్లు పట్టినన్ని పాసులు ఇచ్చి, పడవలపేటకి ముప్ఫై ఇచ్చారు. ఆ ముప్ఫైని లెక్కపెట్టే అధికారం మండలికి ఉంది కాబట్టి సరిగ్గా లెక్కపెట్టే ఇచ్చారు. ఉత్తరాన వేదిక మీద అధ్యక్షులు, కార్యదర్శి, ఎస్.ఐ. గారు, సెలెక్టరు, చివరిగా తూర్పు మెట్ల వైపు అంచున రిమోట్‌తో నేను.

సెలెక్టరు కస్తూరి గారు ఒకప్పుడు బాగా ఆడిన మనిషి. ఇప్పుడు ఒక మోకాలికి పట్టీ ఉంది, గొంతులో ఇంకా ఈల ఉంది. కుర్చీలో కూర్చుంటూనే, "ఆ నీలం ట్రాక్ సూట్ల వాళ్ళు ఎనిమిది మంది ఉన్నారేం?" అన్నారు.

"మేము లెక్కపెట్టలేదండి" అన్నారు కార్యదర్శి వినయంగా.

ఆవిడ ఆయన వైపు ఒకసారి చూసి, లేచి వెళ్ళి ఆ ఎనిమిదో పిల్లని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. ఆట మొదలైంది.

గంగాభవాని మొదటి కూతలోనే ఒకర్ని ముట్టుకుని వచ్చింది. ఈల మోగింది. బోర్డు మీద ఒకటి, ఒకటి పడ్డాయి.

"పాయింటు ఎవరిది?" అన్నారు కస్తూరి గారు.

"ఉభయులదీనండి."

"ముట్టుకుంది ఒకళ్ళయితే ఉభయులకీ ఎలా వస్తుంది?"

"సమభావముతోనండి" అన్నారు అధ్యక్షులు.

మైదానంలో చప్పుడు లేదు. నోరు మెదిపితే బయటికి పంపేస్తారని అందరికీ తెలుసు. ఆ నిశ్శబ్దంలో తూర్పు మెట్ల మీద, కింది వరస మొదట్లో కూర్చున్న వెంకాయమ్మ శనక్కాయల బుట్ట పక్కన పెట్టి, చీర సర్దుకుని లేచి నిలబడింది. నడుం నొప్పి వల్ల లేచిందేమో అనుకున్నాను. తర్వాతి కూతలో టౌన్ క్లబ్బు అమ్మాయి దొరికిపోయింది. వెంకాయమ్మ పక్కనున్న వలలల్లే ముసలాయన లేచాడు. ఆ తర్వాత గంగాభవాని ఇద్దర్ని కొట్టి వచ్చింది. ఇద్దరు లేచారు. ఒకరి తర్వాత ఒకరు, వరస తప్పకుండా.

పడమటి మెట్ల వాళ్ళు మొదట తెల్లబోయి చూశారు. కాసేపటికి టౌన్ క్లబ్బుకీ ఒక పాయింటు వచ్చింది. అటు వైపు ముందు వరసలో ఉన్న కలప డిపో ఆయన రెండు పక్కలా చూసి మెల్లిగా లేచాడు. నెలల తరబడి తమ జట్టుకి నిజంగా ఎన్ని వస్తున్నాయో తెలియక వాళ్ళూ విసిగిపోయి ఉన్నారు. తర్వాతి పాయింటుకి ఆయన భార్య లేచింది.

ఎవరూ మోసం చేయలేదు. ఒకసారి తూర్పు వైపు ఒకాయన రిఫరీ ఈల వేయకముందే ఉత్సాహం ఆపుకోలేక లేచాడు. అది పాయింటు కాదని తేలింది. పక్కవాళ్ళు ఆయన్ని చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టారు.

వేదిక మీద అధ్యక్షులకి సంగతి అర్థం కావడానికి సగం ఆట పట్టింది. అర్థం కాగానే ఎస్.ఐ. గారి వైపు వంగారు. "చూస్తున్నారా? అనధికార లెక్కింపు. చర్య తీసుకోండి."

ఎస్.ఐ. గారు రెండు వైపులా తేరిపార చూశారు. "వాళ్ళు లెక్కపెట్టట్లేదండీ, నుంచున్నారు."

"నుంచోవడమే లెక్క!"

"నుంచున్నందుకు కేసు పెడితే ముందు మా కానిస్టేబుల్ మీద పెట్టాలండి. పొద్దుట్నుంచీ నుంచునే ఉన్నాడు."

అధ్యక్షులు ఆలోచనలో పడ్డారు. ఆయన ఎంతైనా కొన్ని దశాబ్దాల పాటు ప్రభుత్వం నడిపిన మనిషి. అందర్నీ కూర్చోబెట్టడం చేతకానప్పుడు అందర్నీ నిలబెడితే సరిపోతుందని ఆయనకి తట్టింది. మైకు తీసుకున్నారు.

"ఆట కాసేపు ఆపవలసిందిగా కోరుతున్నాను. మన పట్టణ క్రీడారంగానికి విశేష సేవలందించి... దివంగతులైన... వారందరి ఆత్మశాంతి కోసం అందరూ లేచి ఒక నిమిషం మౌనం పాటించవలెను."

ఎవరు పోయారో ఎవరికీ తెలియదు. అయినా పోయినవాళ్ళ మీద గౌరవంతో మైదానమంతా లేచింది. తూర్పూ పడమరా ఒక్క మనిషి కూడా కూర్చుని లేరు. ఎన్ని పాయింట్లో చూసుకోవడానికి ఏమీ మిగల్లేదు. అధ్యక్షులు కళ్ళు మూసుకుని నిలబడ్డారు. చొక్కా మీది బిళ్ళ నవ్వు ఆయన ముఖంలోకి కూడా కాస్త పాకింది.

నిమిషం అయింది. "ఇక అందరూ కూర్చోవచ్చు" అన్నారు.

కూర్చోవలసిన వాళ్ళు కూర్చున్నారు. పాయింట్లు కూర్చోలేదు. వెంకాయమ్మ కూర్చోలేదు, వలల ముసలాయన కూర్చోలేదు, కలప డిపో ఆయనా ఆయన భార్యా కూర్చోలేదు. నేను పాయింటునా కాదా అని ఒక్కరు కూడా తడబడలేదు. తాను దేనికి నిలబడ్డాడో మనిషికి గుర్తుంటుంది కాబోలు. కస్తూరి గారు కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నారు. ఆ తర్వాత ఆవిడ బోర్డు వైపు మళ్ళీ చూడలేదు.

ఆట నువ్వా నేనా అన్నట్టు సాగింది. టౌన్ క్లబ్బు పిల్లలూ ఏమీ తక్కువ తినలేదు. ఏ పాయింటు ఎవరిదో కళ్ళెదుట కనబడుతుంటే వాళ్ళకీ పౌరుషం వచ్చింది. ట్రాక్ సూట్ల పైకోట్లు విప్పి పారేసి ఆడారు. చివరి నిమిషానికి అటు ముప్ఫై మంది, ఇటు ముప్ఫై మంది నిలబడి ఉన్నారు. బోర్డు కూడా ముప్ఫై, ముప్ఫై అంటోంది. సమభావ ఫలకం అయ్యాక అది నిజం చెప్పిన సందర్భం నాకు తెలిసినంతలో అదొక్కటే.

గంగాభవాని ఆఖరి కూతకి వెళ్ళింది. మూలనున్న పిల్ల కాలి బొటనవేలు తగిలింది. తగిలిన క్షణానే ఆ పిల్ల మీదికి దూకింది. మిగతావాళ్ళు చేరేలోపే చీలమండ దొరకబుచ్చుకుంది. గంగాభవాని బోర్లా పడి, మోచేతుల మీద జరుగుతూ, ఆ పిల్లని ఈడ్చుకుంటూ, కూత ఆపకుండా చెయ్యి చాచింది. వేళ్ళు గీత దాటాయి. రిఫరీ ఈల వేసి చెయ్యెత్తాడు.

నేను రిమోట్ నొక్కాను. ముప్ఫై ఒకటి, ముప్ఫై ఒకటి.

ఆ అమ్మాయి నేల మీద నుంచే తల తిప్పి తూర్పు మెట్ల వైపు చూసింది. అక్కడ కూర్చుని ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. ఇచ్చిన పాసులు ముప్ఫై. ముప్ఫై మందీ నిలబడే ఉన్నారు. లేవడానికి ఇంకో మనిషి లేడు. వెంకాయమ్మ ఇటూ అటూ చూసింది. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. పడమటి మెట్ల మీద ఇంకా బోలెడు మంది కూర్చునే ఉన్నారు గానీ, వాళ్ళు లేస్తే అది అవతలి వాళ్ళ పాయింటు అయిపోతుంది.

నేను రిమోట్ కుర్చీలో పెట్టి లేచి నిలబడ్డాను.

"మంచినీళ్ళు కావాలా సదాశివం గారూ?" అన్నారు అధ్యక్షులు.

"వద్దండి."

"మరి కూర్చోండి."

"కుదరదండి" అన్నాను.  

టైమ్ అయిపోయింది. పొడుగాటి ఈల మోగింది. కస్తూరి గారు లేచి, మోకాలు పట్టుకుని వేదిక దిగి, పడమటి మెట్ల దగ్గరికి వెళ్ళారు. వేలు చూపిస్తూ, గొంతెత్తి, "ఒకటి, రెండు, మూడు..." అని మొదలుపెట్టారు. మా మైదానంలో ఒక మనిషి పైకి లెక్కపెట్టడం విని ఎన్నాళ్ళయిందో. కానిస్టేబులు ఎస్.ఐ. గారి వైపు చూశాడు. ఎస్.ఐ. గారు కాలవ వైపు చూశారు. పడమర ముప్ఫై దగ్గర ఆగింది. ఆవిడ కోర్టు దాటి తూర్పుకి వచ్చారు. వెంకాయమ్మ దగ్గర ఒకటి. పై వరస చివర ముప్ఫై. అక్కణ్ణించి వేదిక మెట్లు ఒక్కొక్కటీ ఎక్కి నా ముందుకొచ్చి, నా గుండెల మీద వేలు పెట్టారు.

"ముప్ఫై ఒకటి."

ఆ మాటకి మోగిన చప్పట్లు ఈసారి బస్టాండు దాకా వినబడ్డాయట. ఎవరూ ఎవర్నీ బయటికి పంపలేదు. టౌన్ క్లబ్బు కెప్టెన్ ముఖం కడుక్కుని వచ్చి గంగాభవాని చెయ్యి పట్టుకుని, "ఇంకొక్క నిమిషం ఉంటే మేమే కొట్టేవాళ్ళం" అంది. "మరే" అంది గంగాభవాని. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ వారమే గంగాభవాని హాస్టల్‌కి వెళ్ళింది. వాళ్ళమ్మ నాకు చందువా చేప తెచ్చిచ్చింది. మేం తినమని తెలిసి, "మాస్టారు తినకపోయినా సూడొచ్చు గదండీ" అని వరండాలో పెట్టి వెళ్ళింది.

నాకు మండలి నుంచి సంజాయిషీ అడుగుతూ కబురొచ్చింది. సదరు తేదీన సదరు వేదిక మీద సదరు సదాశివం ఏ అధికారముతో లేచి నిలబడెను? నాకే తెలియదు కాబట్టి తెలియదనే చెప్పాను. బోర్డు పని నుంచి నన్ను తప్పించారు.

సమభావ ఫలకం లోపం ఏమీ లేదనీ, లోపమంతా ప్రేక్షకుల్లోనే ఉందనీ మండలి తేల్చింది. దాని మీద కొత్త తీర్మానం అయింది. ప్రేక్షకులు కూర్చుంటే లేవగలరు, నిలబడితే కూర్చోగలరు. రెండింటిలోనూ లెక్కింపుకి అవకాశం ఉంది. కనుక ఇకమీదట ఆట ఆసాంతం ప్రేక్షకులు కూర్చొనియూ ఉండరాదు, నిలబడియూ ఉండరాదు. మధ్యస్థ భంగిమలో ఉండవలెను. ఈ భంగిమ ఆచరణ సాధ్యమేనని ప్రజలకు నిరూపించడానికి మండలి పెద్దలే ముందుకొచ్చారు.

మొన్న సాయంత్రం కాలవ గట్టు మీద నడుస్తూ మైదానం వైపు చూశాను. మెట్ల మీద పుండరీకాక్షం గారూ భీమశంకరం గారూ ఎదురెదురుగా, మోకాళ్ళు సగం వంచి, చేతులు ముందుకి చాచి సాధన చేస్తున్నారు. ఎవరు ముందు పడతారో చూద్దామని కాసేపు ఆగాను గానీ, చెప్పడం కష్టం. దూరం నుంచి చూస్తే ఇద్దరూ సమానంగానే వణుకుతున్నారు.